మూడో గొట్టం

మేస్త్రి గ్రైండరు ఎత్తి, కూతురు పద్దెనిమిది రోజులు కష్టపడి చేసిన హెడరులోంచి మూడో గొట్టాన్ని కోసి నేల మీద పడేయడం పోయిన వారం చూశాం. అది దొర్లుకుంటూ వెళ్ళి అల్లుడి చెప్పుకి తగిలి ఆగింది. అల్లుడు దానివంక చూడనైనా చూడలేదు. అతని చూపంతా మామగారి వీపు మీద ఉంది. ఎందుకంటే గ్రైండరు ఆగీ ఆగగానే బల్ల మీంచి బ్రేకు డ్రమ్ము ఒకటి జారి సిమెంటు నేల మీద దభీమని పడింది. షెడ్డులో ఉన్న ప్రతివాడూ ఎగిరిపడ్డాడు. రెండడుగుల దూరంలో ఉన్న మేస్త్రి మాత్రం వెనక్కి తిరగలేదు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాడు అల్లుడు.

ఈ వారమే మనతో కలిసినవాళ్ళ కోసం రెండు సంగతులు చెప్పి ముందుకి పోతాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

మొదటిది మేస్త్రి చెవి. ఆ షెడ్డు బతికేదే దాని మీద. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ బాగుచేసిన ఏ లారీ అయినా మేస్త్రి విని "పో" అన్నాకే గేటు దాటుతుంది. మూరెడు ఇనపకడ్డీ ఒక కొసని ఇంజిన్ మీద, రెండో కొసని చెవి మీద ఆనించి, కళ్ళు అరమూసుకుని వింటాడు. ఏ సిలిండరు అలిగిందో, ఎందుకు అలిగిందో చెప్తాడు. ఆ ఒక్క "పో" కోసం డ్రైవర్లు నాలుగు ఊళ్ళు దాటి వస్తారు. అలాంటి మేస్త్రికి రెండేళ్ళ కిందట చెవులు రెండూ పూర్తిగా పోయాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలు చూసి గ్రహిస్తాడు, వెనక నుంచి పిడుగు పడ్డా తెలియదు. ఈ సంగతి తెలిసింది కూతురికి ఒక్కదానికే. మేస్త్రి కడ్డీ పట్టుకున్నప్పుడల్లా ఆమె వెళ్ళి గాలి ట్యాంకు పక్కన నిలబడుతుంది. ఇంజిన్ బాగుంటే గుడ్డతో చేతులు తుడుచుకుంటుంది. లోపముంటే అది ఎన్నో సిలిండరో, అన్ని వేళ్ళు గుడ్డ మీద చాపుతుంది. అరమూసిన కళ్ళలోంచి మేస్త్రి అది చూసి తీర్పు చెప్తాడు. రెండేళ్ళుగా జనం మేస్త్రి చెవి అనుకుంటున్నది కూతురి చెవే.

రెండోది ఆ హెడరు. లారీ ఇంజిన్‌కి ఆరు సిలిండర్లు, ఆరింటికీ పొగ వదిలే నోళ్ళు ఆరు. కంపెనీ బిగించిన పోత ఇనప మానిఫోల్డులో ఆ ఆరింటి పొగా ఒకేచోట పడి కొట్టుకుంటుంది, ఒకే గుమ్మంలోంచి ఆరుగురు ఒకేసారి బయటపడబోయినట్టు. పొగ సాఫీగా పోకపోతే ఇంజిన్ లాగదు. హెడరు పెడితే ఒక్కో సిలిండరుకీ ఒక్కో గొట్టం, ఆరు గొట్టాలూ వంపులు తిరిగి చివర ఒకదానిలో కలుస్తాయి. ఆరూ ఒకే పొడవుండాలి, అప్పుడే ఒకదాని పొగ ఇంకోదానికి అడ్డు రాకుండా వరసలో పోతుంది, బండికి పికప్పు వస్తుంది. చెప్పడం తేలిక, వంచి అతకడం బ్రహ్మవిద్య. ఆ విద్య షెడ్డులో వచ్చింది కూతురికే. పన్నెండేళ్ళుగా అక్కడ ప్రతి అతుకూ ఆమెదే. ఎవరైనా మెచ్చుకుంటే మేస్త్రి "మా షెడ్డు అతుకు" అంటాడు. "నా కూతురు అతికింది" అని నలుగురి ముందు ఒక్కసారి అనాలని ఆమె కోరిక. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు. ఆ ఒక్క మాటకే మేస్త్రికి నోరు పెగలదు.

ఈ హెడరు "నిదానం" లారీకి. ఆ డ్రైవరు అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, కొండదారిలో అతని వెనక చిక్కుకున్నవాళ్ళు పెట్టిన పేరే మిగిలింది. తప్పు పాత లారీది, పేరు మనిషికి. ఆ లారీ ఓనరుకి ఇంకా నలభై లారీలున్నాయి, అన్నీ ఆ కొండే ఎక్కాలి. ఈ ఒక్కటీ కొత్త హెడరుతో మూడో గేరులో కొండ ఎక్కితే మిగతా నలభైకీ అదే చేయిస్తానన్నాడు.

ఇక గొట్టం ఎందుకు కోశాడంటారా? వంపులు తిరిగిన గొట్టాన్ని టేపు కొలవలేదన్నది మేస్త్రి సిద్ధాంతం. ఒక కొసకి గుడ్డ కుక్కి, రెండో కొసలోంచి కొలత గ్లాసుతో నీళ్ళు పోస్తారు. ఆరింటిలోనూ ఒకే లెక్కన పట్టాలి. మూడోదానిలో పావు గ్లాసు తక్కువ పట్టింది. మేస్త్రి మాటా పలుకూ లేకుండా గ్రైండరు అందుకుని కోసేసి, వంటింటి కొలతలు షెడ్డులో పనికిరావని అందరికీ వినపడేలా అన్నాడు. రేపు మధ్యాహ్నానికి మళ్ళీ చేస్తే సరేసరి, లేదంటే పాత మానిఫోల్డే బిగించి పంపేస్తానన్నాడు. కొలత తప్పన్న మాట నిజమే. నన్నడిగితే, నిజం చెప్పడానికి గ్రైండరు అక్కర్లేదు.

కూతురు ఏడవలేదు. ఏడ్చినా వెల్డింగు అద్దం వెనక ఏడుస్తుంది, అది ఎవరి లెక్కలోకీ రాదు.

మర్నాడు పొద్దున షెడ్డు వెనక గదిలో ఆమె టీ కాస్తుంటే అల్లుడు లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. మీ నాన్నకి ఎన్నాళ్ళ నుంచి వినపడటం లేదని అడిగాడు. ఆమె స్టవ్వు మంట తగ్గించింది.

"నిన్న సాయంత్రం మీ నాన్నతో కడుపునిండా మాట్లాడాను" అన్నాడు అల్లుడు. "వెనక నిలబడి. ఆరేళ్ళుగా దాచుకున్నవన్నీ. పాపం, ఎంత శాంతంగా విన్నాడో."

ఈ అల్లుడి గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. పెళ్ళప్పటికే అతను డీజిలు పంపులు విప్పి బిగించడంలో చెయ్యి తిరిగినవాడు. షెడ్డులో అడుగుపెట్టిన రోజే మేస్త్రి అతని చేతికి గ్రీజు గన్ను ఇచ్చాడు. ఆరేళ్ళయినా అదే గన్ను. అల్లుడని పిలవడు, పేరుతో పిలవడు, "గ్రీజుడబ్బా" అంటాడు. డ్రైవర్ల ముందూ అదే, అన్నం పెట్టేటప్పుడూ అదే. ఒకసారి అతను పంపు లోపం కనిపెట్టి చెప్తే, డబ్బా మాట్లాడుతోందని షెడ్డంతా నవ్వించాడు. ఆరేళ్ళు కుక్కిన పేనులా పడి ఉన్నవాడికి ఇవాళ కోరలు వచ్చాయంటే, ఆ కోరలకి పదును పెట్టింది మామగారే.

అతని ఆలోచన చాలా చిన్నది. హెడరు బిగించే పని తనదే. కొత్త హెడరు మొదటిసారి వేడెక్కి చల్లారాక నట్లన్నీ ఇంకోసారి బిగించాలి, లేకపోతే సందులోంచి పొగ తన్నుతుంది. తను ఒకటో సిలిండరు నట్టు ఒక్కటి వదిలేస్తాడు. పొగ టక్‌టక్‌మని కొడుతుంది, వచ్చినవాళ్ళందరికీ వినపడుతుంది, మేస్త్రికి తప్ప. మామగారికి చెవుల్లేవని తెలిశాక గుడ్డ గుట్టు అతనే కనిపెట్టాడు. ఆమె చెయ్యాల్సింది ఒక్కటే.

"ట్యాంకు పక్కన నిలబడి చేతులు తుడుచుకో. అంతకంటే ఏమీ వద్దు. నట్టుది తప్పు, నీ అతుక్కి మచ్చ రాదు" అన్నాడు. రేపట్నుంచి షెడ్డు మనది, బోర్డు మీద అతుకు నీదని రాయిస్తానన్నాడు.

ఆమె సరే అనలేదు. కాదనీ అనలేదు. టీ గ్లాసు అతని ముందు పెట్టి, వెల్డింగు అద్దం తీసుకుని బయటికి వెళ్ళింది. ఇంటి గుట్టు లంకకు చేటన్నవాడు ఇలాంటి గదులు చూసే అని ఉంటాడు.

మధ్యాహ్నానికి మూడో గొట్టం తయారైంది. మేస్త్రి నీళ్ళు పోసి చూశాడు, ఆరింటిలోనూ సమానంగా పట్టాయి. బాగుందని ఒక్క మాటైనా అనకుండా "గ్రీజుడబ్బా, బిగించు" అని అల్లుడి మీదికి తోశాడు. అల్లుడు బిగించాడు, పది నిమిషాలు ఇంజిన్ తిప్పాడు, ఆపి చల్లారనిచ్చాడు, మళ్ళీ పానా పట్టుకుని లోపలికి దూరాడు. ఆ సమయానికి మేస్త్రి భోజనంలో ఉన్నాడు, కూతురు వడ్డిస్తోంది.

మూడింటికి ఓనరు వచ్చాడు. టైర్ల షాపువాడు, బ్యాటరీలవాడు, ఎదుటి షెడ్డు మేస్త్రి ముందే వచ్చి కూర్చున్నారు. వాళ్ళని పిలిచింది అల్లుడని వేరే చెప్పక్కర్లేదు. ఓనరు వంగి హెడరు చూశాడు. చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి వరసగా కూర్చున్న అతుకులు చూసి ఇది ఎవరి చెయ్యని అడిగాడు. మా షెడ్డుదే అన్నాడు మేస్త్రి. మీ అమ్మాయి చేస్తుందని విన్నానే అని ఓనరు ఎదురుగా నిలబడి మళ్ళీ అడిగాడు.

మేస్త్రి నవ్వాడు. "అది నాకు గుడ్డలందిస్తుంది" అన్నాడు.

కూతురు అక్కడే ఉంది, చేతిలో గుడ్డతోనే ఉంది. రెండేళ్ళుగా ఆ మనిషి పరువు ఆ గుడ్డలోనే మూటకట్టి ఉందని అక్కడ ఇద్దరికే తెలుసు, ముందురోజు నుంచి ముగ్గురికి. ఆమె వెళ్ళి గాలి ట్యాంకు పక్కన నిలబడింది.

నిదానం డ్రైవరు సీట్లోకి ఎక్కి ఇంజిన్ మొదలుపెట్టాడు. ఆరు గొట్టాలూ ఒక్క గొంతుతో పలికాయి. ఆ గొంతు వెనకే ఇంకో చప్పుడు వచ్చింది. టక్, టక్, టక్. టైర్లవాడు బ్యాటరీలవాడిని మోచేత్తో పొడిచాడు. మేస్త్రి హెడరు మీదికి వంగి ఒక్క క్షణం అటూ ఇటూ చూశాడు, తర్వాత కడ్డీ అందుకుని చెవికి ఆనించాడు.

చప్పుడు ఒకటో సిలిండరు దగ్గర్నుంచి రావడం లేదు. కూతురు అది వినగానే గుర్తుపట్టింది. మూడోదాని దగ్గర్నుంచి వస్తోంది, తను తెల్లారి నుంచి కూర్చుని మళ్ళీ అతికిన గొట్టం దగ్గర్నుంచి. ఆమె మొగుడి వైపు చూసింది. అతను షెడ్డు కప్పులో రేకులు లెక్కపెడుతున్నాడు. ఒకటో నట్టని చెప్పి మూడోది వదులు చేశాడన్నమాట. మామగారితో పాటు పెళ్ళాన్ని కూడా ఒకే దెబ్బకి కొట్టాడు.

ఇప్పుడు గుడ్డ మీద మూడు వేళ్ళు చాపితే తండ్రి పరువు నిలుస్తుంది. మూడోదానిలో లోపముందని తండ్రే చెప్తాడు, అందరూ ఆ కొత్త అతుకు వంకే చూస్తారు, వంటింటి కొలతలంటూ మళ్ళీ మొదలవుతుంది. నలభై లారీలూ వెనక్కి తిరిగిపోతాయి. చేతులు తుడుచుకుంటే తండ్రి ముప్ఫై ఏళ్ళ పేరు ఈ మధ్యాహ్నంతో సరి. గుడ్డలందిస్తుందన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది.

మేస్త్రి అరమూసిన కళ్ళతో ట్యాంకు వైపు చూశాడు.

ఆమె చేతులు తుడుచుకుంది.

మేస్త్రి కడ్డీ దించాడు. "పో" అనలేదు, కాదనీ అనలేదు, అలాగే నిలబడ్డాడు. అల్లుడికి అంత ఓపిక లేదు. నెమ్మదిగా వచ్చి మామగారి వెనక నిలబడి, ఎంతో మర్యాదగా, "మేస్త్రిగారూ, మీ వెనక షెడ్డు తగలబడిపోతోంది" అన్నాడు. మేస్త్రి కదల్లేదు. "మేస్త్రిగారూ, మీ ప్యాంటుకి కూడా అంటుకుంది." టైర్లవాడు పకపకా నవ్వాడు. ఓనరుకి ముందు అర్థం కాలేదు, అర్థమయ్యాక కనుబొమలు పైకి లేచాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదడం సామెతగానే విన్నాం, అక్కడ నలుగురు వంతులు వేసుకుని ఊదారు. బ్యాటరీలవాడు కుక్కలా మొరిగాడు. ఎదుటి షెడ్డు మేస్త్రి ఇరవై ఏళ్ళ పోటీ కడుపులో పెట్టుకున్నవాడు, చచ్చిపోయిన మేస్త్రి భార్య గురించి ఒక మాటన్నాడు. అది నేనిక్కడ రాయను. దానికి కూడా నవ్వారు. అల్లుడు నవ్వాడు. చచ్చిపోయినావిడ కూతురికి తల్లి కదా అని ఎవరికీ తోచలేదు.

అన్నిటికంటే ఎక్కువ కోసింది నిదానం మాట. అతను నవ్వలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇన్నాళ్ళూ ఎవరి మాట నమ్మి కొండెక్కాను నేను?" అన్నాడు.

కూతురికి కళ్ళనీళ్ళు ఆగలేదు. అద్దం చేతిలో లేదు, దాచుకోవడానికి. తండ్రి తనవైపే చూస్తున్నాడని ఆమెకి తెలుసు. వెనక జరిగేదంతా ఆయన ఆమె మొహంలో చూస్తున్నాడు.

మేస్త్రి చెయ్యెత్తి ఇంజిన్ ఆపమని నిదానానికి సైగ చేశాడు. ఇంజిన్ ఆగింది. నవ్వులు మాత్రం ఇంకాసేపు నడిచాయి.

"మూడో గొట్టం పై నట్టు వదులైంది" అన్నాడు మేస్త్రి. "పొగ కొడుతోంది."

నవ్వులు ఆగిపోయాయి. మేస్త్రి అప్పుడు వెనక్కి తిరిగి ఒక్కొక్కరి మొహమూ తీరిగ్గా చూశాడు. తనకి చెవులు లేవని, రెండేళ్ళయిందని, ఇంతసేపూ వాళ్ళు ఏమేం కూశారో తనకి వినపడలేదని తనే చెప్పాడు. ఇందాక హెడరు మీదికి వంగినప్పుడే, గొట్టాలు వేడెక్కకముందే అరచెయ్యి పెట్టి చూశానని, పొగ ఎక్కడ కొడుతోందో చెయ్యి చెప్పిందని అన్నాడు. చెవి పోయిన ఏడాదికే తన చెయ్యి ఆ పని నేర్చుకుందట. అయినా రోజూ గుడ్డ వంక చూస్తూ వచ్చాడు. ఎందుకు చూశాడో చెప్పలేదు. పక్కన కూతురు నిలబడటం ఆయనకి ఇష్టమని నా అనుమానం, అది ఒప్పుకునే రకం కాదు.

తర్వాత ఓనరు వైపు తిరిగాడు.

"ఈ హెడరు నా కూతురు అతికింది. పన్నెండేళ్ళుగా ఈ షెడ్డులో ప్రతి అతుకూ దానిదే. అతుకులో ఏ లోపమూ లేదు, నట్టు బిగించనివాడిది తప్పు. మీ నలభై లారీలూ దానికే ఇవ్వండి."

పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. నలుగురి ముందు, ఆయన నోటితో, అడక్కుండా వచ్చింది. మేస్త్రి కూతురి దగ్గరికి వచ్చాడు. చెవులు పోయినప్పటి నుంచి ఆయనకి గొంతు దించి మాట్లాడటం రాదు, అందుకని ఆ మాట కూడా అందరూ విన్నారు.

"చెయ్యి పెట్టి చూశాకే నీవైపు చూశాను. నువ్వేం చెప్తావో చూద్దామని. నువ్వు చేతులు తుడుచుకున్నావు. నలభై హెడర్లూ చేసుకో. ఈ షెడ్డులో మాత్రం కాదు. రేపు పొద్దున్నకి నువ్వూ, నీ మొగుడూ నా కంటికి కనపడకూడదు."

ఆమె ఎదురుగా వచ్చి నిలబడి నోరు తెరిచింది. నాన్నా అనబోయింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చెవిటి మనిషి కళ్ళు మూసుకుంటే ఇంక ఏ దారినా మాట లోపలికి పోదు. తిట్టినా, కొట్టినా ఆమె భరించేది. ఆమె పెదాలు కదులుతూనే ఉన్నాయి, ఆయన అలాగే తడుముకుంటూ లారీ దాకా వెళ్ళి, మెట్టు మీద కాలు వేసి, డ్రైవరు పక్క సీట్లో కూర్చున్నాడు. కొత్త పని చేసిన బండి మొదటిసారి కొండ ఎక్కేటప్పుడు మేస్త్రి పక్కన కూర్చోవడం ఆ షెడ్డు కట్టుబాటు. పని మీద నమ్మకమున్నవాడు ప్రాణం కూడా పక్కన పెట్టాలంటాడాయన. కూర్చున్నాక కూడా కళ్ళు తెరవలేదు.

నట్టు బిగించమని ఓనరు ఆమెకే చెప్పాడు. పావుగంట చల్లారనిచ్చి, ఆమె పానా తీసుకుని ఇంజిన్ కిందికి వంగింది. పై నట్టుకి పానా తగిలించి తిప్పింది. కదల్లేదు. కింది నట్టు చూసింది. అదీ కదల్లేదు. రెండూ ఎంత బిగించాలో అంతా బిగించి ఉన్నాయి. ఆమె వేలితో గొట్టం మొదలు తడిమింది. అతుకు చుట్టూ వెంట్రుకంత సన్నని గీత, దాని వెంట పొగ మసి.

పగిలింది నట్టు దగ్గర కాదు, అతుకే పగిలింది. ఎందుకు పగిలిందో తెలుసుకోవడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టలేదు. మధ్యాహ్నం గడువు ముంచుకొస్తుంటే, గొట్టం అతికీ అతకగానే, కొలత సరిపోయిందో లేదోనన్న భయంతో ఆ వేడి అతుకు మీదే గ్లాసుతో నీళ్ళు పోసి చూసుకుంది. పన్నెండేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని. వేడి అతుక్కి నీళ్ళు తగిలితే ఏమవుతుందో కొత్తగా రాడ్డు పట్టుకున్నవాళ్ళకి ఆమే చెప్పగలదు. ఆ క్షణంలో అతుకు కంటే తండ్రి గ్లాసే ఎక్కువ భయపెట్టింది.

ఆమెకి ఇంకోటి కూడా అర్థమైంది. నట్టు సందులోంచి కొట్టే పొగకీ, అతుకులోంచి కొట్టే పొగకీ తేడా మేస్త్రి అరచేతికి తెలియకపోవడం జరగదు. ఆయనకి తెలుసు. తెలిసే అందరి ముందు నట్టన్నాడు. బండి లోపం విషయంలో ముప్ఫై ఏళ్ళలో ఒక్క అబద్ధం ఆడని మనిషి, తనని నడిబజారులో నిలబెట్టిన కూతురి కోసం అబద్ధం ఆడాడు. ఆ అబద్ధం మీదే వెళ్ళి కూర్చున్నాడు. మూడో గొట్టానికి జానెడు దూరంలో డీజిలు పైపు ఉంది. చదునుదారిలో ఫరవాలేదు. కొండ మీద బరువు పడి ఇంజిన్ గట్టిగా లాగినప్పుడు ఆ గీత తెరుచుకుంటుంది, మంటలాంటి పొగ తిన్నగా డీజిలు పైపు మీదికి పోతుంది. పైపు పైన ఉన్నది మేస్త్రి కూర్చున్న సీటు.

అల్లుడు పక్కకి వచ్చి, సాయం చేస్తున్నట్టు వంగి, చెవిలో చెప్పాడు.

"నట్టు నేను వదులు చెయ్యలేదు. మళ్ళీ బిగించేటప్పుడే నీ అతుకులో ఆ గీత చూశాను. ఇంక నట్టెందుకని అన్నీ బిగించేశాను."

ఆమె అతని మొహంలోకి చూసింది. ఆ మొహంలో సిగ్గు లేదు, భయం కూడా లేదు, పని సులువైనవాడి తేలిక మాత్రం ఉంది. పైన ఓనరు గొంతు వినిపించింది.

"ఏమ్మా, బిగిసిందా?"

టైర్లవాడు, బ్యాటరీలవాడు, ఎదుటి షెడ్డు మేస్త్రి అందరూ ఆమె జవాబు కోసం చూస్తున్నారు. పన్నెండేళ్ళలో ఎవరూ ఆమెని ఇలా మేస్త్రిని చూసినట్టు చూడలేదు. అతుకు పగిలిందంటే ఈ చూపులు పోతాయి. నా కూతురు అతికింది అన్న మాట పుట్టి అరగంట కాకుండానే చచ్చిపోతుంది. చెవిటివాడు అబద్ధాలకోరు కూడా అని నవ్వుకుంటూ పోతారు. ఆయన్ని పిలిచి చెప్దామంటే ఆయన కళ్ళు తెరవడు. పనిబల్ల మీద సైలెన్సరు కంతలు పూడ్చే పుట్టీ డబ్బా తెరిచే ఉంది. ఆమె చేతివేలు అందులో ముంచి, ఆ గీత మీద చుట్టూ పూసింది. ఎవరూ చూడలేదు, అల్లుడు తప్ప.

"బిగిసింది" అంది.

ఆ మాట అబద్ధం కూడా కాదు. నట్లు నిజంగానే బిగిసి ఉన్నాయి.

నిదానం ఇంజిన్ మొదలుపెట్టాడు. టక్‌టక్ లేదు. ఆరు గొట్టాలూ ఒక్క గొంతుతో పలికాయి, ఓనరు తల ఊపాడు. నిదానం కూడా సంతోషంగా కిటికీలోంచి చెయ్యి ఊపి గేరు వేశాడు. ఎప్పుడూ నిదానంగా గేటు దాటే లారీ ఆ రోజు దూకుతూ వెళ్ళింది. దాని వెనకే ఓనరు జీపు వెళ్ళింది, మిగతావాళ్ళు కొండెక్కడం చూద్దామని అందులోకి ఎక్కేశారు. షెడ్డులో మొగుడూ పెళ్ళాం మిగిలారు.

గేటు నుంచి కొండ మొదలు పది నిమిషాల దారి. పుట్టీ చదునుదారిలో ఆగుతుంది, మొదటి మలుపులో రాలిపోతుంది. లెక్క ఆమెకి బాగా తెలుసు. చేతివేలికి పుట్టీ ఇంకా తడిగానే ఉంది, ఆమె పరుగున గేటు దగ్గరికి వెళ్ళింది. లారీ అప్పటికే సందు మలుపు తిరిగింది. అల్లుడి మోటారుసైకిలు గోడకి ఆనించి ఉంది. తాళం అతని చొక్కా జేబులో ఉంది. ఆమె వెనక్కి వచ్చి అతని ముందు చెయ్యి చాపింది. ఇవ్వమని నోటితో కూడా అడిగింది, పెళ్ళయ్యాక మొదటిసారి బతిమాలింది.

అల్లుడు జేబు మీద అరచెయ్యి పెట్టుకున్నాడు.

"ఎందుకు?" అన్నాడు. "బిగిసిందన్నావుగా."